మొహమాటపు ముక్క



ఇద్దరు పాత స్నేహితులు చాలాకాలం తర్వాత ఒక సాయంత్రం కలుసుకోవాలనుకున్నారనుకోండి. ముందు తేలవలసింది ఎక్కడ కూర్చోవాలన్న సంగతి. ఒకప్పుడు హైదరాబాదులో దానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. ఇరానీ హోటలు, వన్ బై టూ చాయ్, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు, ఆకలి ఉంటే నాలుగు లుక్మీలు. ఇవాళ ఆ ఇద్దరికీ వయసుతో పాటు జీతాలూ పెరిగాయి. జూబ్లీ హిల్స్‌లోనో, విశాఖ బీచ్ రోడ్డు వైపో, బెంగళూరు ఇందిరానగర్‌లోనో మసక దీపాల రెస్టరెంటుకు వెళతారు. మెనూలో ‘స్మాల్ ప్లేట్స్’ అని ఒక పేజీ ఉంటుంది. చెప్పిన కాసేపటికి అరచేతి వెడల్పున్న మట్టిరంగు పళ్ళెం వస్తుంది. అందులో మూడు ముక్కలు, వాటి కింద పచ్చటి గుజ్జు, పైన రెండు చిగుళ్ళు, చుట్టూ ముగ్గు చుక్కల్లా సాసు. దాన్ని చూడగానే మనవాళ్ళకు నవ్వొస్తుంది, ఇది భోజనమా తీర్థప్రసాదమా అని. ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు. అయినా ఈ పూట నేను ఆ చిన్న పళ్ళెం పక్షాన మాట్లాడదలచుకున్నాను, ఒక్క షరతు మీద. బల్లకు అటువైపు కూర్చున్నది పాత స్నేహితుడో స్నేహితురాలో అయి ఉండాలి. పెళ్ళిచూపులకూ, వ్యాపారపు బేరాలకూ, పై అధికారిని మంచి చేసుకోవడానికీ ఆ పళ్ళెం పనికిరాదు. ఎందుకు పనికిరాదో చూస్తే, స్నేహానికి ఎందుకు పనికొస్తుందో అక్కడే తెలుస్తుంది.

ముందు ఇది నిన్నామొన్నటి ఫ్యాషన్ అన్న అపోహ ఒకటి తొలగించాలి. స్పెయిన్ దేశంలో దీన్ని తాపా అంటారు. ఆ మాటకు అర్థం మూత. ద్రాక్షసారా గ్లాసు మీద దుమ్మూ ఈగలూ పడకుండా ఒక రొట్టె ముక్కో మాంసం ముక్కో కప్పేవారనీ, అదే తాపా అయిందనీ చెబుతారు. ఏదో రాజుగారి పేరు పెట్టి ఇంకో నాలుగు కథలు కూడా చెబుతారు గాని, వాటికి రుజువులు లేవు. గ్రనాడా నగరంలో ఈనాటికీ గ్లాసు తెప్పించుకుంటే తాపా ఊరికే వస్తుంది. ఉత్తరాన బాస్కు సీమలో సాన్ సెబాస్టియన్ పట్నంలో ‘హిల్డా’ అని ఒకటి ఉంది. పుల్లకు గుచ్చిన ఒక ఆలివ్ కాయ, ఒక ఉప్పు చేప, ఊరబెట్టిన సన్నటి పచ్చిమిరపకాయ, అంతే. 1946లో వచ్చిన రీటా హేవర్త్ సినిమా ‘గిల్డా’ పేరునే వాళ్ళు తమ ఉచ్చారణలో దానికి పెట్టుకున్నారు, ఆ కథానాయిక లాగే ఉప్పగా, కాస్త కారంగా ఉందని. అక్కడ కొన్ని చోట్ల బిల్లు వేసే పద్ధతి మరీ ముచ్చటగా ఉంటుంది, మీ పళ్ళెంలో మిగిలిన పుల్లలు లెక్కపెడతారు. వెనిస్‌లో చికెట్టి, లెబనాన్‌లో మెజ్జే, జపానులో ఇజకాయా అనే తాగుడు హోటళ్ళ చిరుతిళ్ళు, కాంటన్ సీమలో టీతో పాటు తినే డిమ్ సమ్, అన్నీ ఈ కుదురువే. వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఏదీ కడుపు నింపుతానని పుట్టలేదు. పక్కన తాగేది ఒకటి, మాట్లాడే మనిషి ఒకరు ఉంటే, వాళ్ళ మధ్య ఖాళీలు పూరించడానికి పుట్టాయి. ఇది పెద్ద ఊళ్ళ రెస్టరెంట్లకు ఎక్కడం తర్వాతి ముచ్చట. 2009లో లండన్ సోహోలో పోల్పో అనే వెనిస్ తరహా హోటలు తెరిచారు. అది ఉన్న ఇంట్లో ఒకప్పుడు వెనిస్ చిత్రకారుడు కానలెట్టో కాపురమున్నాడు! 2010లో అదే ఊళ్ళో బొంబాయి ఇరానీ హోటళ్ళ పేరు చెప్పుకుని డిషూమ్ వచ్చింది, దాని స్మాల్ ప్లేట్స్‌లో మన బెండకాయకు కూడా చోటు దొరికింది. 2015లో ముంబైలో బాంబే క్యాంటీన్ తెరిచినప్పుడు చిన్న పళ్ళేలను అచ్చమైన దేశీ వంటకాలతో నింపారు. ఈ ప్రయాణంలో పోయింది ఒకటే, చౌకదనం. గ్రనాడాలో ఊరికే వచ్చేదానికి మనం విడిగా ఖరీదు కడుతున్నాం. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు అసలు వాదంలోకి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గేయోర్గ్ జిమ్మెల్ 1910లో భోజనం గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. నేను ఆలోచించింది నీతో పంచుకోగలను, నేను చూసింది నీకు చూపగలను, నేను తిన్న ముద్ద మాత్రం ఇంకెవరూ తినలేరు అన్నది ఆయన ఎత్తుగడ. తిండి అంత ఒంటరి వ్యవహారం కాబట్టే మనుషులు దాని చుట్టూ అంత పెద్ద సామాజిక వ్యవహారం కట్టుకున్నారని ఆయన అంటాడు. అక్కడే పళ్ళెం గురించి ఒక మాట ఉంది. పూర్వం అందరూ చేతులు పెట్టే ఉమ్మడి గిన్నె ఉండేది, తర్వాత ఎవరి పళ్ళెం వారికి వచ్చింది, ఆ గుండ్రటి అంచు ‘ఇంతవరకు నాది’ అని గీసిన గిరి అని ఆయన భావం. మామూలు హోటల్లో ఇద్దరు స్నేహితులు ఏం చేస్తారో గుర్తు చేసుకోండి. ఒకరు నాన్, పనీర్ కూర చెబుతారు, ఇంకొకరు బిర్యానీ చెబుతారు. ఎదురెదురుగా కూర్చుని రెండు వేరు వేరు భోజనాలు చేస్తారు. మధ్యలో మాటలు సాగుతాయి, నిజమే. కాని ఆ భోజనానికీ ఆ మాటలకూ సంబంధం లేదు. ఒకరు లేచి వెళ్ళిపోయినా రెండోవారి భోజనం చెడదు. చిన్న పళ్ళేల బల్ల మీద అది కుదరదు. బల్ల నడిమధ్య ఉన్నది ఎవరిదీ కాదు. ఏం చెప్పాలో ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి, ఎంత తీసుకోవాలో అవతలివారిని చూసి తీసుకోవాలి, తన వేగాన్ని ఎదుటివారి వేగానికి తగిలించుకోవాలి. ఆ పళ్ళెంలో విలువైనది వంటకం కాదు, ఈ పంపకం. పంపకమే ఆ భోజనం.

ఇది మనకు అలవాటు లేని వ్యవహారం అనేవారికి నా జవాబు తెలుగు మాటలోనే ఉంది. ఇవాళ మనం పత్రికల్లో ‘ఎన్నికల పొత్తు’ అని చదువుతాం. ఆ మాట వెనకాల కంచం ఉందని చాలామందికి తట్టదు. పొత్తున కుడవడం అంటే కలిసి తినడం అని పాత తెలుగు వాడుక. రెండు కులాల నడుమ సంబంధం ఎంతవరకో చెప్పడానికి ‘కంచం పొత్తు ఉంది గాని మంచం పొత్తు లేదు’ అనేవారు. అంటే కలిసి తింటారు, వియ్యమందరు. మనిషికీ మనిషికీ దగ్గరితనం ఎంతో కొలవడానికి ఈ భాష మొదట చూసింది కంచాన్నే అన్నమాట. దీనికి అడ్డుపడే మాట కూడా మన దగ్గరే ఉంది, ఎంగిలి. ఎవరి విస్తరి వారిది, కలిపిన చెయ్యి గిన్నెలో పెట్టకూడదు, కొరికింది ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇంత గట్టి నియమానికి పిల్లలు ఎంత సులువైన దారి కనిపెట్టారో చూడండి. జామకాయ ఒకటే ఉంది, పంచుకునేవాళ్ళు ఇద్దరు. చొక్కా అంచు లాగి కాయ మీద కప్పి, గుడ్డ మీంచి కటుక్కున కొరుకుతారు. చొక్కాకు ఒక తడి మరక, చేతిలో ఒక వంకర ముక్క. అది కాకెంగిలి, ఎంగిలి లెక్కలోకి రాదు! శాస్త్రాన్ని ధిక్కరించకుండానే స్నేహం తన పని తాను చేసుకుపోయింది. పోతన భాగవతం దశమ స్కంధంలో యమున ఒడ్డున గోపబాలురు చల్దులు తినే ఘట్టం తెలియని తెలుగువారు అరుదు. ఎడమచేతిలో పెరుగన్నపు ముద్ద, వేళ్ళ సందుల్లో ఊరగాయ ముక్కలు, ఒకడి చిక్కంలోది ఇంకొకడు లాక్కోవడం, లాక్కున్నది అవతలివాడికి విసరడం. చిన్న పళ్ళేల విందు అంటే నాకు ముందు గుర్తొచ్చేది స్పెయిన్ కాదు, ఈ చల్దులే. వేళ్ళ సందు కంటే చిన్న పళ్ళెం ఏముంటుంది? అక్కడ విశేషమల్లా వాళ్ళతో తింటున్న కృష్ణుడు యజ్ఞభోక్త కావడం, ఆ తినడంలో అతనికి ఎంగిలి పట్టింపు లేకపోవడం. ఆ పట్టింపు లేకపోవడానికి కవి చూపే కారణం అతని దైవత్వం కంటే ఎక్కువగా వాళ్ళ చెలిమి అని నాకనిపిస్తుంది.

ఇక పళ్ళెంలో మిగిలిపోయే చివరి ముక్క సంగతి. ఇద్దరు మనుషులు, మూడు ముక్కలు. చెరొకటి అయిపోయాక మూడోది అలాగే ఉంటుంది. చల్లారుతుంది. కింద గుజ్జు అంచు కట్టుకుంటుంది. ఇద్దరూ దాన్ని చూడనట్టు నటిస్తూ మాట్లాడుకుంటారు. ‘మీరు తీసుకోండి’, ‘అబ్బే, నాకు చాలు, మీరే తీసుకోండి’. ఈ ముక్కకు స్పెయిన్‌లో పేరుంది, సిగ్గు ముక్క అంటారు. జపానులో ఒసాకా ప్రాంతం వాళ్ళు దీన్నే సంకోచపు ముద్ద అంటారు, సంకోచమంతా గడ్డకట్టి పళ్ళెంలో కూర్చుందని. భూమికి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే ముక్కకు పేరు పెట్టుకున్నారంటే, ఉమ్మడి పళ్ళెం ఉన్న ప్రతిచోటా ఈ ముక్క తప్పదన్నమాట. మనకు దీనికి పేరు లేదు గాని, పేరుకు కావలసిన మాట అందరికంటే గట్టిది మన దగ్గరే ఉంది, మొహమాటం. సిగ్గు కాదు, బిడియం కాదు, మర్యాద కాదు, మూడూ కలిసి గొంతులో అడ్డుపడేది అది. మొహమాటపు ముక్క అందాం. పెళ్ళిచూపుల్లో, బేరాల్లో చిన్న పళ్ళెం ఎందుకు పనికిరాదన్నానో దానికి జవాబు ఈ ముక్కే. కొత్తవాళ్ళ మధ్య ప్రతి పళ్ళెమూ ఒక చిన్న పరీక్ష. తీసుకుంటే ఆబగా ఉంది అనుకుంటారేమో, తీసుకోకపోతే నచ్చలేదనుకుంటారేమో. ఆరు పళ్ళేలంటే ఆరు పరీక్షలు. పాత స్నేహితుల మధ్య ఈ పరీక్ష ఎప్పుడో ముగిసిపోయింది. ‘నీకెలాగూ వంకాయ పడదు’ అంటూ చెయ్యి చాపి తీసేసుకునే చనువు పదేళ్ళో ఇరవై ఏళ్ళో గడిస్తే తప్ప రాదు. అవతలివారికి వంకాయ పడదని తెలిసి ఉండడమే ఆ స్నేహం వయసు చెబుతుంది. మామూలు భోజనంలో ఆ తెలివిడి బయటపడడానికి సందు దొరకదు. ఇక్కడ పళ్ళెం పళ్ళేనికీ దొరుకుతుంది.

దీనికి శాస్త్రం ఏమైనా తోడొస్తుందా అంటే, కొంత వస్తుంది. కైట్లిన్ వూలీ, అయలెట్ ఫిష్‌బాక్ అనే అమెరికా పరిశోధకులు 2019లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి చిప్సూ సల్సా ఇచ్చారు, కొన్ని జంటలకు ఉమ్మడి గిన్నెల్లో, కొన్ని జంటలకు విడివిడి గిన్నెల్లో. తర్వాత ఒకరిని యాజమాన్యంగా, ఒకరిని యూనియన్ ప్రతినిధిగా ఉంచి జీతం బేరం ఆడించారు. ఆ ఆటలో బేరం తెగనన్ని రోజులూ సమ్మె నడుస్తుంది, ఇద్దరికీ నష్టం వస్తుంది. ఉమ్మడి గిన్నెలో తిన్న జంటలు సగటున 9 సమ్మె రోజులకు ఒప్పందానికి వచ్చాయి, విడిగా తిన్నవి 13 రోజులు తీసుకున్నాయి. ఇక్కడ మీరు నన్ను పట్టుకోవచ్చు. ‘కొత్తవాళ్ళకే ఇంత మేలు జరుగుతుంటే పాత స్నేహితులకు మాత్రమే అని షరతు ఎందుకయ్యా?’ అని. న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఆ ప్రయోగంలోనే ఉంది. ఒకరి మీద ఒకరికి ఇష్టం పెరిగినందువల్ల ఆ మేలు జరగలేదని పరిశోధకులే చూపారు, చేతులు తగలకుండా, ఎక్కువ తినకుండా, ఎదుటివారిని కనిపెట్టి మెలగడం వల్ల జరిగింది. అంటే పంపకం ఒక పని, ఆ పని చేస్తే సర్దుబాటు అలవడుతుంది. కొత్తవాళ్ళకు అది అక్కరకొచ్చే పనే, సందేహం లేదు. కాని సాయంత్రపు సుఖం వేరు. సర్దుబాటును నేర్చుకుంటూ తినడం ఒకటి, ఎప్పుడో నేర్చేసుకున్నదాన్ని ఆడుకుంటూ తినడం ఇంకొకటి. ఈత నేర్చుకునేవాడికీ, ఈదేవాడికీ ఇద్దరికీ చెరువు ఒకటే.

డబ్బు సంగతి దాటేసే వీల్లేదు, అందరి నోటా మొదట వచ్చే అభ్యంతరం అదే. పెద్ద పళ్ళెంలో కూరకు పెట్టే ఖరీదులో సగానికి పైగా మూడు ముక్కలకు పెడతారు, నాలుగు రకాలు చెప్పేసరికి లెక్క దాటిపోతుంది, లేచాక ఇంటికెళ్ళి పెరుగన్నం తినాలి. ఇందులో అబద్ధం లేదు. పైగా చిన్న పళ్ళెం మనల్ని ఎక్కువ తినేలా కూడా చేస్తుంది. బార్బరా రోల్స్ అనే పోషకాహార శాస్త్రవేత్త 1981లో చూపిందేమిటంటే, శాండ్‌విచ్చుల్లో ఒకే రకం కూరినప్పటి కంటే నాలుగు రకాలు పెట్టినప్పుడు జనం మూడో వంతు ఎక్కువ తిన్నారు. ఒక రుచికి నాలుక విసుగెత్తినా ఇంకో రుచికి తయారుగానే ఉంటుంది. పెళ్ళి విందులో కడుపు బరువెక్కాక కూడా జిలేబీకి చోటు దొరకడం మనకు కొత్త కాదు, రోల్స్ దానికి లెక్క కట్టింది. బిల్లు సమంగా పంచుకుంటే జరిగేదాన్ని ఇజ్రాయెల్ రెస్టరెంటులో యూరి నీజీ, ఆయన సహచరులు ప్రయోగం చేసి 2004లో ప్రకటించారు. ఎవరిది వారు కట్టుకున్నప్పటి కంటే అందరూ సమంగా పంచుకుంటామన్నప్పుడు జనం ఎక్కువ ఖరీదైనవి తెప్పించుకున్నారు. అందరి సొమ్ము కదా అని. ఇది నా వాదానికి ఎదురుదెబ్బలా కనిపిస్తుంది. కాని గమనించండి, ఆ ప్రయోగంలో కూర్చున్నవాళ్ళు ఒకరికొకరు తెలియనివాళ్ళు, ఎవరి పళ్ళెం వారిదే, బిల్లు మాత్రం ఉమ్మడి. చిన్న పళ్ళేల బల్ల మీద పళ్ళెం కూడా ఉమ్మడిదే కనుక, నేను చెప్పిన ఖరీదైన రకంలో సగం నీ నోట్లోకే వెళుతుంది. నీ సొమ్ముతో నేను తినే వీలు తగ్గింది. ఇంకా పెద్ద చిక్కు వేరే ఉంది. ఒకే బెంచీ మీద చదువుకున్న ఇద్దరిలో ఒకరు ఇవాళ ఊరి బళ్ళో టీచరు, ఒకరు డాలర్లలో సంపాదించేవారు. విడివిడి భోజనాలైతే ఆ తేడా పళ్ళేల మీదే కనిపిస్తుంది, ఒకరి ముందు పప్పన్నం, ఒకరి ముందు రొయ్యలు. ఉమ్మడి పళ్ళెంలో తేడా కనిపించదు, బిల్లు వచ్చేదాకా. కుచేలుడి అటుకులు శ్రీకృష్ణుడు గుప్పెట పట్టి తినేటప్పుడు తెచ్చింది ఎవరో, తింటున్నది ఎవరో, ఎవరు గొప్పో ఆ గుప్పెట్లో కనపడలేదు కదా. అలాగని నేను బిల్లును కవిత్వంతో కడిగేయను. ఎవరు పిలిచారో వాళ్ళు కడతారని ముందే అనుకోవడం ఒకటే మార్గం. సర్వీస్ చార్జి దానంతటదే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. ఆ గీత ఒకసారి చూసుకుని కట్టండి.

శాకాహారం సంగతేమిటి? ఒకరు మాంసం ముట్టరు, ఒకరికి చక్కెర జబ్బు, ఒకరు శనివారం ఉల్లి తినరు. ఇలాంటప్పుడు ఎవరి పళ్ళెం వారికి ఉండడమే హాయి అంటారు. అది హాయే, కాదనను. అయితే చిన్న పళ్ళేలు ఆరు వస్తాయి కాబట్టి అన్నీ అందరూ తినాలని లేదు. నాలుగు ఉమ్మడి, రెండు ఒకరివే కావచ్చు. పళ్ళేనికి ఒక చెంచా, తినే చెంచా వేరు, అంతే కావలసింది. ఎంగిలి భయానికి కాకెంగిలి గుడ్డ చేసిన పనిని ఇక్కడ ఆ వడ్డన చెంచా చేస్తుంది. ఆచారం పేరు చెప్పేవారికి మాత్రం ఇంకో సంగతి గుర్తు చేయాలి. ఈ దేశంలో ఎవరితో కలిసి తినాలన్నది ఒక పోరాటం. 1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ వేర్వేరు కులాలవారిని కలిపి కూర్చోబెట్టి మిశ్రభోజనం పెట్టి కోలాహలం రేపాడు. మన కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా సహపంక్తి భోజనాలు నడిపారు. అవి పంక్తి కలిపాయి, ఆకు మాత్రం ఎవరిది వారిదే. ఉమ్మడి పళ్ళెం ఇంకో అడుగు ముందుకు వెళుతుంది, ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే. మనవాళ్ళు దానికి సిద్ధంగా లేరా? హైదరాబాదు బార్కస్‌కు వెళ్ళి చూడండి. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఉండే పేట అది, సైనికుల బ్యారక్స్ అన్న మాటే నోళ్ళలో నలిగి బార్కస్ అయింది. అక్కడి అరబ్బు అన్నం మండీ ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊరూరా దొరుకుతోంది. నేల మీద పరుపులు, మధ్యలో బండి చక్రమంత పళ్ళెం, దాని చుట్టూ నలుగురు కుర్రాళ్ళు, ఎవరి వైపు నుంచి వారు అన్నం తవ్వుకుంటూ. వాళ్ళను ఎంగిలి గురించి అడిగితే నవ్వుతారు. పళ్ళెం పెద్దదా చిన్నదా అన్నది అక్కడ లెక్కలోకి రాలేదు, పళ్ళెం ఎవరిదన్నదే వచ్చింది.

ఇన్ని మంచి మాటలు చెప్పాక రెస్టరెంటువారిని కూడా నాలుగు మాటలు అనకపోతే అన్యాయం. చిన్న పళ్ళెం పద్ధతిలో ఉన్న మేలంతా స్నేహితులకే కాదు, వంటింటికి కూడా బాగా కలిసొస్తుంది. ‘మా దగ్గర వంటకాలు ఎప్పుడు తయారైతే అప్పుడు వస్తాయండీ’ అని వెయిటర్ ఎంతో మర్యాదగా చెబుతాడు. అది అతిథి కోసం పెట్టిన నియమం కాదు, పొయ్యి దగ్గర ఉన్నవాడి సౌకర్యం. దాంతో అయిదు పళ్ళేలు ఒక్క వాయిలో బల్ల మీదికి వస్తాయి, తర్వాత అరగంట ఏమీ రాదు. దీనికి విరుగుడు అతిథి చేతిలోనే ఉంది, ఒకేసారి అన్నీ చెప్పకండి. రెండు చెప్పండి, అవి అయ్యాక ఇంకో రెండు చెప్పండి. తాపా తినే ఊళ్ళో జనం చేసేదీ అదే, అక్కడ రెండు తిని ఇంకో వీధికి నడిచిపోతారు. ‘తొమ్మిదిన్నరకు బల్ల ఖాళీ చేయాలండీ’ అన్న షరతు ఇంకా ఘోరం. నిదానంగా తినమని పుట్టిన తిండిని గడియారం పెట్టి అమ్మడం అది. చప్పుడు సంగతి చెప్పనక్కర్లేదు. పైకప్పు సిమెంటు, నేల సిమెంటు, బల్లలకు గుడ్డ లేదు, వంటిల్లు తెరిచే ఉంటుంది, పైన పాట. గదిలో చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎత్యేన్ లోంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే రాశాడు. ఒక బల్ల గొంతు పెంచితే పక్క బల్ల పెంచుతుంది, గంటలో గది జాతరవుతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత కలిసిన మనిషి నెమ్మదిగా చెప్పబోయిన ఒక్క మాట ఆ జాతరలో పడిపోతే, ఆ వంటకాలకు ఎన్ని చుక్కలు పెట్టి ఏం లాభం? ఏడింటికే వెళ్ళడం, మూల బల్ల అడగడం, నాకు తోచిన ఉపాయాలు ఇవే.

ఒక్క విషయంలో మాత్రం ఆ వంటింటిని మారమని అడగను. ఇద్దరికి మూడు ముక్కలు పెట్టే లెక్క. నాలుగు పెడితే పంపకం సాఫీగా అయిపోతుంది, ఎవరి రెండు వారు తిని ఊరుకుంటారు. మూడోది ఉంటేనే ‘సగం చెయ్యి’ అని ఒకరు చెంచా అంచుతో కోస్తారు, ముక్క జారి పచ్చటి గుజ్జులో బోర్లా పడుతుంది, సగాలు సమానం రావు, ఆ పెద్ద సగం నాదంటే నాదని స్కూల్లో చాక్‌పీసు దగ్గర పడ్డ గొడవే మళ్ళీ పడతారు. ఇంతలో వెయిటర్ వంగి, ‘తీసెయ్యమంటారా సార్?’ అని అడుగుతాడు. అప్పటికి అతను తీసుకెళ్ళడానికి అందులో పైన పెట్టిన రెండు చిగుళ్ళు తప్ప ఏమీ ఉండదు.